నడుస్తోందిగా, వదిలెయ్!

ఏడాదికొక్కసారి, ఆయుధ పూజ నాడు, ఆఫీసు సర్వర్‌కి యజమాని దర్శనం దొరుకుతుంది. మిగతా రోజుల్లో అటు వెళ్లేది ఏసీ కింద పెట్టిన బకెట్ నిండితే పారబోసే అటెండరు ఒక్కడే. ఆ రోజు మాత్రం స్టోర్ రూము తలుపులు బార్లా తెరుస్తారు. పాత ఫైళ్లూ అట్టపెట్టెలూ పక్కకి జరుపుతారు. నల్లడబ్బాకి పసుపు రాసి, మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ తెచ్చి, సరిగ్గా గాలి లోపలికి పోవాల్సిన జాలీ మీదే వేలాడదీస్తారు. గుమ్మడికాయ కొడతారు. పక్కన గోడకి సెలోటేపుతో అంటించిన కాగితం ఒకటి పసుపుపచ్చగా మారి వేలాడుతుంటుంది: ‘దయచేసి ఆఫ్ చేయవద్దు. ముట్టుకోవద్దు.’ ఆ కాగితం అంటించిన కుర్రాడు ఇప్పుడు డల్లాస్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అతనితోనే విమానం ఎక్కింది.

డబ్బా లోపల ఉన్నది విండోస్ సర్వర్ 2008 ఆర్2. దాని మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008. దాని మీద కంపెనీ జమాఖర్చులన్నీ నడిచే బిల్లింగ్ ప్రోగ్రాం. డేటాబేస్‌కి 2019 జులై 9న, ఆపరేటింగ్ సిస్టమ్‌కి 2020 జనవరి 14న తయారీదారు చేతులు దులుపుకున్నాడు. ఈ రెండో తేదీని తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు భోగి. విరిగిన కుర్చీలూ చిరిగిన చాపలూ తెల్లవారకముందే మంటలో వేసేసే రోజు. రెడ్మండ్‌లోని మైక్రోసాఫ్ట్ వాళ్లు పంచాంగం చూసి పెట్టారనుకోను గానీ, ముహూర్తం మాత్రం భేషుగ్గా కుదిరింది. మనవాళ్లు ఇంట్లో పాత చాపలు తగలబెట్టి, తలంటు పోసుకుని, పండగయ్యాక ఆఫీసుకొచ్చి పాత సర్వర్‌కి దండం పెట్టారు.

కొత్తగా చేరిన అడ్మిన్ కుర్రాడు ధైర్యం చేసి ఒకరోజు యజమాని గదిలోకి వెళ్తాడు.

“సార్, మన సర్వర్‌కి సపోర్ట్ అయిపోయింది.”

“నడుస్తోందిగా?”

“నడుస్తోంది సార్.”

“మరింకేంటయ్యా?”

ఈ ‘మరింకేంటయ్యా’కి జవాబు ఏ సిలబస్‌లోనూ లేదు. కుర్రాడు గొణుగుతూ బయటికొస్తాడు. యజమాని దృష్టిలో యంత్రానికి రెండే స్థితులు: నడిచేది, ఆగిపోయింది. నడిచేదానికి డబ్బులు పెట్టడం దండగ. ఆగిపోయినదానికి పెట్టక తప్పదు, కానీ అప్పుడు ఆపడం ఎవరి తప్పో తేలాలి. ఎవరి తప్పో మనకి ముందే తెలుసు. గొణుగుతూ బయటికొచ్చినవాడిది.

పోనీ ఇదేమైనా చెప్పాపెట్టకుండా వచ్చిపడే ఉపద్రవమా? మైక్రోసాఫ్ట్ తన సర్వర్లకి పదేళ్ల లెక్క ముందే చెప్పేస్తుంది. ఐదేళ్లు పూర్తి సేవ, ఆ మీద ఐదేళ్లు భద్రతా మరమ్మతులు, ఆపైన నమస్కారం. సర్వర్ 2003కి 2015 జులై 14న నమస్కారం పెట్టింది. సర్వర్ 2012కి 2023 అక్టోబరు 10న. కూతురు పుట్టిన నెలనుంచే పెళ్లికని చీటీ కట్టే మనుషులం మనం. అంత ముందుచూపు ఉన్న జాతి, పదేళ్ల ముందు అచ్చేసి చేతికిచ్చిన తేదీని చూసి ఆఖరి నెలలో ‘అయ్యో, ఎవరూ చెప్పలేదే’ అని నోరెళ్లబెట్టడం ఒక కళ.

అసలు సపోర్ట్ అయిపోవడమంటే ఏమిటో యజమానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదన్నది మాత్రం నిజం. ఆ తేదీ దాటిన మర్నాడు సర్వర్ ఆగిపోదు. లైట్లు అలాగే వెలుగుతాయి, బిల్లులు అలాగే వస్తాయి. ఆగిపోయేది ప్యాచ్‌లు. ప్రతి నెలా రెండో మంగళవారం, మన టైములో రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో, కొత్త వెర్షన్లకి మరమ్మతులు విడుదలవుతాయి. లోకంలోని దొంగలందరూ ఆ రాత్రి వాటిని శ్రద్ధగా విప్పి చూస్తారు. నిన్నటి ఫైలుకీ ఇవాళ్టి ఫైలుకీ తేడా పట్టుకుంటే కన్నం ఎక్కడుందో తెలిసిపోతుంది. కొత్త సర్వర్ కోడ్‌లో సగం పాత సర్వర్ నుంచి వారసత్వంగా వచ్చిందే కాబట్టి, అదే కన్నం పాతదానిలోనూ ఉండే అవకాశం బోలెడు. తేడా ఏమిటంటే అక్కడ దాన్ని పూడ్చేవాడు ఇక రాడు. అంటే మన స్టోర్ రూములోని డబ్బా ఊరికే ముసలిదవడం లేదు. దాని గుట్టు నెలనెలా, తప్పకుండా, ఒక మంగళవారం రాత్రి బజార్న పడుతోంది.

దీనికి యజమాని దగ్గర ఇంకో బ్రహ్మాస్త్రం ఉంది: “మనల్నెవడు హ్యాక్ చేస్తాడయ్యా? మనమేమైనా అమెరికా బ్యాంకా?” వినడానికి వినయంలా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఉన్న చిరునామాలన్నిటినీ ఒక్కొక్క తలుపూ తట్టి, తెరిచి ఉన్నది ఏదో గంటల్లో తేల్చేసే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతున్నాయి. అవి బోర్డు చదవవు. మీది బ్యాంకా, బిర్యానీ హోటలా అని అడగవు. ఇంటినుంచి కూడా చూసుకోవడానికి వీలుగా ఉంటుందని మీ అకౌంటెంట్ అడిగితే ఎప్పుడో తెరిచిపెట్టిన రిమోట్ డెస్క్‌టాప్ తలుపు, 3389 నంబరుది, ఇంకా అలాగే తెరిచి ఉందా లేదా, అంతే.

2017లో వానాక్రై అనే కంప్యూటర్ పురుగు ఇలాగే ఎవరి బోర్డూ చదవలేదు. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. మే 12, శుక్రవారం నాడు పురుగు బయల్దేరింది. మధ్యలో దాదాపు రెండు నెలలు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాదాపు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని తర్వాత అంచనా కట్టారు. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా ఆ వలలో పడ్డాయి. దొంగల్ని పట్టుకోవాల్సిన ఫైళ్లని దొంగ తాళం వేసుకుని, బిట్‌కాయిన్లు ఇస్తే తీస్తానన్నాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి, లేకపోతే అడ్మిన్లు నన్ను నిలదీస్తారు. ఆ రోజు దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు. దానికి అప్పటికి సపోర్ట్ ఉంది. ప్యాచ్ కూడా ఉంది. వేసుకునేవాడే లేడు. ముసలి ఎక్స్‌పీలు చాలావరకు ఆ పురుగుని మోయలేక నీలితెర చూపించి వాటంతటవే కూలబడ్డాయని పరిశోధకులు తర్వాత తేల్చారు. ఈ ముక్క యజమానుల చెవిన పడకుండా చూసుకోవాలి. ‘చూశావా, పాతదే క్షేమం’ అని పాలసీ రాసేయగలరు.

ఆ గొడవలో మైక్రోసాఫ్ట్ మనసు కరిగి, రెండు మూడేళ్ల కిందట తానే పాతిపెట్టిన ఎక్స్‌పీకీ, సర్వర్ 2003కీ కూడా ప్యాచ్ ఇచ్చింది. 2019 మేలో బ్లూకీప్ అనే ఇంకో కన్నం బయటపడ్డప్పుడు మళ్లీ ఇచ్చింది. లోకం నేర్చుకోవాల్సిన పాఠం ఒకటైతే మనవాళ్లు నేర్చుకున్నది ఇంకోటి: ప్రాణం మీదికొస్తే ఎలాగూ ఇస్తాడు, మనమెందుకు తొందరపడటం.

పోనీ అమ్మినవాడు ధర్మరాజా అంటే, అతని లెక్కలు చూడండి. సర్వర్ 2012 వాడుతున్నవాళ్లకి గడువు తర్వాత మూడేళ్లపాటు భద్రతా ప్యాచ్‌లు అమ్ముతానన్నాడు. మొదటి ఏడాది లైసెన్సు ధరలో 75 శాతం. రెండో ఏడాది 100. మూడో ఏడాది 125. కూడితే లైసెన్సు ధరకి మూడు రెట్లు, అదీ పాత సర్వర్‌ని పాతగానే ఉంచుకోవడానికి. కొత్త సదుపాయం ఒక్కటీ రాదు. అదే సర్వర్‌ని వాళ్ల అజూర్ మబ్బులోకి తోలుకొస్తే ఆ ప్యాచ్‌లు ఉచితం. వడ్డీ చక్రం తిప్పడంలో మన ఊరి షావుకార్లు ఎంతో ఘనులనుకున్నాం గానీ, అప్పు తీరిపోయిన తర్వాత కూడా వడ్డీ పెంచుకుంటూ పోవచ్చని వాళ్లకి తట్టలేదు. సర్వర్ల విభాగాన్ని నడిపి, 2014 ఫిబ్రవరిలో మొత్తం కంపెనీ పగ్గాలు పట్టింది మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్లే కాబట్టి, ఈ తెలివికి మనం గర్వపడాలో బిల్లు చూసి ఏడవాలో తేలడం లేదు. ఆయన వచ్చిన రెండు నెలలకే, ఏప్రిల్ 8న ఎక్స్‌పీ గడువు ముగిసింది. ఒక్క ఏడాది అదనపు ప్యాచ్‌ల కోసం బ్రిటన్ ప్రభుత్వం 55 లక్షల పౌండ్లు చదివించుకుంది. మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం 91 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకుంది. అణు జలాంతర్గాములు నడిపేవాళ్లకి కూడా ఎక్స్‌పీ వదల్లేనంత ముద్దొచ్చిందంటే, మన కిరాణా హోల్‌సేలర్‌ని ఏమనగలం?

‘మేం ఎప్పుడో లినక్స్‌కి మారిపోయాం’ అని కాలర్ ఎగరేసే బృందం ఒకటుంది. వాళ్లకి సెంట్ఓఎస్ 8 గుర్తుందో లేదో. 2029 దాకా చూసుకుంటామన్నారు. 2020 డిసెంబరులో మాట మార్చారు. 2021 ఆఖరికల్లా దుకాణం కట్టేశారు. ఆ దెబ్బకి కొందరు వెనక్కి నడిచి, 2024 జూన్ 30 వరకు సపోర్ట్ ఉన్న సెంట్ఓఎస్ 7 మీదే కూర్చుండిపోయారు. కొందరు ఇప్పటికీ అక్కడే కూర్చున్నారు. లైసెన్సు ఉచితమైతే బద్ధకానికి మందు కూడా ఉచితంగా రావాలని ఏముంది?

ఈ కథలో అసలు విడ్డూరం మనవాళ్లది. 1990ల చివర వైటూకే అనే మాట తెలుగు ఇళ్లలో భాగ్యలక్ష్మి పేరులా వినబడింది. అమెరికా కంపెనీలు దశాబ్దాల పాటు ముట్టుకోకుండా వదిలేసిన కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయి. ఆ నిర్లక్ష్యాన్ని బాగుచేయడానికి అమీర్‌పేట సందుల్లో రాత్రికి రాత్రి కోర్సులు మొలిచాయి, వీసాలు వచ్చాయి, కట్నాలు పెరిగాయి. పరాయివాడి వాయిదా మీద మన మధ్యతరగతి మేడలు లేచాయి. ఇవాళ్టికీ మైత్రివనం చుట్టుపక్కల బోర్డుల మీద విండోస్ సర్వర్ అడ్మినిస్ట్రేషన్, క్లౌడ్ మైగ్రేషన్ అని రంగురంగుల అక్షరాలు. అక్కడ చదువుకున్న పిల్ల గచ్చిబౌలి అద్దాల మేడలో అర్ధరాత్రి కూర్చుని ఒహాయోలోని ఎవరిదో ఆసుపత్రి సర్వర్లని 2012 నుంచి 2022కి మారుస్తుంది. తెల్లవారి క్యాబ్‌లో ఇంటికొచ్చేటప్పుడు, జ్వరం చూపించుకోవడానికి ఆగిన నర్సింగ్ హోంలో రిసెప్షన్ కంప్యూటర్ మీద ఎక్స్‌పీ పచ్చిక బయలు నవ్వుతూ పలకరిస్తుంది. పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆధార్ జిరాక్స్. అన్నీ ఇచ్చి టోకెన్ తీసుకుంటుంది. ఏం చేస్తుంది మరి, జ్వరం కదా.

ఆ టోకెన్ దగ్గరే కాసేపు ఆగాలి. ఎందుకంటే మేనేజ్‌మెంట్ అనే మహావ్యవస్థ కనిపెట్టిన అద్భుత పత్రం ఒకటుంది. పేరు రిస్క్ యాక్సెప్టెన్స్. ఆడిటర్ గారు ఏటా వచ్చి ఏటా అదే వాక్యం రాస్తారు: ‘సపోర్ట్ ముగిసిన సాఫ్ట్‌వేర్ వాడుకలో ఉన్నది.’ మేనేజ్‌మెంట్ ఏటా అదే జవాబు రాస్తుంది: ‘గమనించడమైనది. తగు చర్యలు తీసుకొనబడుచున్నవి.’ మూడో ఏటో నాలుగో ఏటో ఆడిటర్‌కే విసుగొచ్చి, అయితే ఈ ఫారం మీద సంతకం పెట్టండి అంటాడు. అందులో ఉండేది ఇంతే: ఈ ప్రమాదం గురించి మాకు తెలుసు, దాన్ని మేము స్వీకరిస్తున్నాము. పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి, వీరుడిలా సంతకం పెడతాడు.

స్వీకరించింది ఎవరి ప్రమాదం? ఆ సర్వర్‌లో ఆయన రక్తపరీక్ష రిపోర్టు ఉండదు. ఆయన వైద్యం కార్పొరేట్ ఆసుపత్రిలో. సర్వర్ సహకార సంఘానిదైతే, ఆయన డిపాజిట్లు అందులో ఉండవు. స్కూలుదైతే, ఆయన పిల్లల ఫొటోలూ చిరునామాలూ ఆ డేటాబేస్‌లో ఉండవు, వాళ్లు చదివేది వేరే చోట. ఉన్నవన్నీ టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చున్నవాళ్లవి. ఆ ఫారం మీద వాళ్ల సంతకానికి గడి లేదు. వాళ్లని పిలిచి, ‘అమ్మా, మీ వివరాలు పెట్టిన పెట్టెకి తాళం చేసేవాడు 2020లోనే రావడం మానేశాడు, అయినా మాకు నాలుగు లక్షలు మిగులుతాయని అలాగే ఉంచాం, మీకు సమ్మతమేనా?’ అని అడిగినవాడు లేడు. మిగిలిన నాలుగు లక్షలతో రిసెప్షన్‌లో గ్రానైట్ వేయించారు. బెంచీ మీదివాళ్లకి గ్రానైట్ కనబడుతుంది, సర్వర్ కనబడదు.

చట్టం ఊరుకుంటుందా అంటే, ఊరుకోనంటోంది. దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఆరు గంటలు మనకి అడ్మిన్ పాస్‌వర్డ్ కోసం డల్లాస్‌కి ఫోను చేయడానికే చాలవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించనివారికి జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చంటోంది. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు ఏం చేసిందో చూస్తే మన తొందర తెలుస్తుంది. ఎక్స్‌పీ గడువు ముగిసిన నాలుగేళ్లకి, 2018 జూన్‌లో, ఏటీఎంలలో సపోర్ట్ లేని సాఫ్ట్‌వేర్ తీసేయండని బ్యాంకులకి వాయిదాల పద్ధతి రాసిచ్చింది: సెప్టెంబరుకి పాతిక శాతం, డిసెంబరుకి సగం, మరుసటి మార్చికి ముప్పావు, జూన్‌కి మొత్తం. నోట్లు ఉన్న పెట్టెలకే ఇంత సావకాశం. రక్తపరీక్షలున్న పెట్టెల సంగతి అడగకండి.

అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం, అది నాకూ తెలుసు. లక్షలు పోసి కొన్న స్కానింగ్ యంత్రం ఒక పాత విండోస్‌తోనే మాట్లాడుతుంది, యంత్రం చేసిన కంపెనీ కొత్తది ఇవ్వనంటుంది, కావాలంటే యంత్రమే మార్చుకోమంటుంది. చిన్న ఊళ్లో డయాగ్నస్టిక్ సెంటర్ పెట్టుకున్న డాక్టరమ్మ ఏం చేస్తుంది? ఆమెని తిట్టే నోరు నాకు లేదు. కానీ ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కి కలపకుండా, తన గదిలో తన వైరుకే కట్టి ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇలాంటివాళ్ల ఇబ్బంది వెనక నక్కి, నాలుగంతస్తుల షోరూం ఉన్నవాడు కూడా ‘మా ప్రోగ్రాం కొత్తదాంట్లో నడవదండీ’ అన్నప్పుడే ఒళ్లు మండుతుంది. నడిపి చూశావా అంటే లేదు. రాసినవాణ్ని అడిగావా అంటే అతని ఏఎంసీ మూడేళ్ల కిందటే ఆపేశారు. అదీ దండగేనట.

పని తెలిసిన అడ్మిన్‌ని అడిగితే చెప్పేది పురాణమేమీ కాదు. ముందు ఇంట్లో ఏమేం ఉన్నాయో రాసుకోవాలి. సగం ఆఫీసుల్లో ఎన్ని సర్వర్లున్నాయన్న ప్రశ్నకి ముగ్గురు మూడు లెక్కలు చెప్తారు. తర్వాత పాతదానికి బయటి దారులు మూసేయాలి: 3389 తలుపు, వానాక్రై వాడుకున్న పాత ఎస్ఎంబీ-1 తలుపు. దాన్ని మిగతా నెట్‌వర్క్ నుంచి విడిగా కూర్చోబెట్టాలి. బ్యాకప్ తీసి, తీసినదాన్ని వేరే యంత్రం మీద తెరిచి చూడాలి. ఈ ఆఖరి ముక్క దగ్గరే మన ప్రతిభంతా బయటపడుతుంది. బ్యాకప్ ఉంది సార్ అంటారు. ఎక్కడుంది? అదే సర్వర్ వెనకాల, యూఎస్‌బీ డ్రైవ్‌లో, ఇరవై నాలుగు గంటలూ తగిలించి. రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు దానికి శ్రమ లేకుండా అసలూ నకలూ ఒకే వరుసలో దొరుకుతాయి. ఎప్పుడైనా రిస్టోర్ చేసి చూశారా అంటే, అంత అవసరం ఎప్పుడూ రాలేదు సార్, నడుస్తోందిగా.

ఇవన్నీ చేశాక కూడా అది కాలయాపనే. కొత్తదానికి మారే తేదీ కాగితం మీద లేకపోతే ఈ జాగ్రత్తలే రేపు పాత సర్వర్‌కి ఇంకో ఐదేళ్ల ఆయుర్దాయం కోరే వాదనలవుతాయి. ‘విడిగా పెట్టేశాంగా, ఇంకేం భయం’ అని ఫైలు అటకెక్కుతుంది. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు, ఏ అడ్మిన్‌ని టీకొట్టు దగ్గర పట్టుకున్నా చెప్తాడు.

ఈ మధ్య ఒక ఆఫీసులో ఎట్టకేలకు 2008ని వదిలించుకున్నారు. కొత్త డబ్బాకి కొబ్బరికాయ కొట్టి, అందరికీ కాజాలు పంచారు. దేనికి మారారయ్యా అని అడిగాను. సర్వర్ 2016కట. సప్లయర్ దగ్గర మిగిలిపోయిన లైసెన్సు సగం ధరకొచ్చిందని యజమాని మురిసిపోయారు. దాని గడువు 2027 జనవరి 12, మంగళవారం. సంక్రాంతికి రైలు టికెట్లు దొరకని వారం. అడ్మిన్ కుర్రాడు అప్పుడే సెలవు చీటీ పెట్టేశాడు. ఎందుకయ్యా ఇంత ముందుగా అని యజమాని ఆశ్చర్యపోతున్నారు.